ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి

నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు ఇల్లాళ్ళకు కె.సి. కాలువ కొత్త కాదు. ఆ కాలువ కావాలని వాదించిన కాటన్ దొరే అంతకుముందు 1847లో గోదావరి మీద ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేయించాడు. ఆ ఆనకట్ట ఊరే ధవళేశ్వరం, రాజమండ్రికి నాలుగు మైళ్ళు.

1874లో కందుకూరి వీరేశలింగంగారు అక్కడ హెడ్మాస్టరుగా ఉంటూ, ఊరి పెద్దల సాయంతో ఆడపిల్లలకు విడిగా బడి పెట్టారు. అక్షరం నేర్చిన పిల్లకు మొగుడు దక్కడని అమ్మలక్కలు హడలిపోయే రోజులవి. ఎనిమిదో ఏటో తొమ్మిదో ఏటో పెళ్ళి, ఆపైన పలక అటకెక్కడమే! పొద్దున వెళ్ళి ఇంటికి తిరిగొచ్చే బడి గనుకనే తల్లులు ధైర్యం చేసి పంపారేమోనని నాకనిపిస్తుంది.

మద్రాసులో కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు తమ ‘ఆంధ్రభాషా సంజీవని’లో స్త్రీవిద్య కూడదని రాసేవారు. వీరేశలింగంగారు 1874లోనే పెట్టిన ‘వివేకవర్ధని’లో జవాబిచ్చేవారు. ఆ వాదమంతా పండితుల మధ్యే, చూడండి. పలక పట్టుకు కూర్చున్న పిల్లల్ని మటుకు ఎవరూ అడిగినట్టు లేదు.

తరువాత రాజమండ్రి ఇన్నీసుపేటలోనూ ఆడపిల్లల బడి పెట్టారు. ఏ వైధవ్యం పేరు చెప్పి పిల్లల్ని బడి మాన్పించేవారో దాని మీదికే వెళ్ళి, 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేసింది, వంటవాళ్ళు రామన్నారు. భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి బిందెతో నీళ్ళు మోసుకొచ్చి పెళ్ళివంట చేశారు.