పొద్దుగూకాక మోగే గంట

తెలుగు పల్లెల్లో పాత ఆంగ్లికన్ గుళ్లున్న చోట కొన్నిచోట్ల గంట అసలు గంటే కాదు, రైలు పట్టా ముక్క. ఒక కొసన బెజ్జం వేసి, ఇనుప తీగతో వేపకొమ్మకో గుడి ముందు రాటకో వేలాడదీస్తారు. బోల్టుతో కొడితే ఊరవతలి చేలదాకా వినిపిస్తుంది. మొదటి గంటకు పొయ్యి ఆర్పి, పిల్లల మొహాలు కడిగి, ఉతికిన బట్ట కట్టుకుంటారు. రెండో గంటకు చాపల మీద కూర్చుని ఉంటారు. అప్పటికి రాత్రి ఏడున్నరో ఎనిమిదో అవుతుంది.

ఆ వేళ ఎందుకని అడగాలి. ఆంగ్లికన్ ప్రార్థనల పుస్తకంలో ఉన్నవి ఉదయ ప్రార్థన, సాయంత్ర ప్రార్థన. చీకటి పడ్డాక, అన్నం వండుకున్నాక చేరే ఈ కూడిక మన పల్లెల్లోనే ఆ వేళకు మారింది. అదెలా మారిందో చెప్పాలంటే ఇంగ్లండు నుంచి రావాలి.

అక్కడ మత సంస్కరణకు ముందు రోజుకు ఎనిమిది వేళల ప్రార్థన ఉండేది. అది సన్యాసులకు, గురువులకు సంబంధించిన పని. భాష లాటిన్. దుక్కి దున్నే మనిషికి అందులో చోటు తక్కువ. 1549లో ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ ఆ ఎనిమిదింటినీ రెండుగా కుదించి, ఇంగ్లీషులోకి తెచ్చి, ఒకే పుస్తకంలో పెట్టాడు. 1662లో స్థిరపడిన ప్రతిలో ఒక ఆజ్ఞ ఉంది: ఊళ్లో ఉన్న గురువు ప్రతిరోజూ ఈ రెండు ప్రార్థనలూ గుడిలో చదవాలి, చదివే ముందు జనానికి వినపడేలా గంట కొట్టించాలి. మన వేపచెట్టు కింది పట్టా ముక్క ఆ ఆజ్ఞకు వారసురాలు.

గంటతో పాటు ఇంకో వస్తువు కూడా ఉంది, రిజిస్టరు. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్, ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు ఒక పుస్తకంలో రాసిపెట్టాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఇంగ్లండులో పారిష్ అంటే ఒక గుడి, ఒక గురువు, దాని పొలిమేరలో ఉండే జనమంతా. గుడికి వచ్చేవాడూ రానివాడూ అందరూ దానికే చెందుతారు. పుట్టినా, పెళ్లయినా, పోయినా ఆ పుస్తకంలోకి ఎక్కేవారు.

మళ్లీ గంట దగ్గరికొస్తే, జార్జ్ హెర్బర్ట్ కథ చెప్పకుండా ఉండలేను. గొప్ప ఇంటి బిడ్డ, కేంబ్రిడ్జిలో పేరు తెచ్చుకున్న పండితుడు, కవి. 1630లో సాలిస్‌బరీ దగ్గర బెమర్టన్ అనే చిన్న పల్లెకు గురువుగా వెళ్లి, మూడేళ్లకే 1633లో కన్నుమూశాడు. రోజూ రెండుపూటలా ఇంటిల్లిపాదితో గుడికి వెళ్లేవాడట. ఆయన గుడి గంట మోగితే పేద రైతులు కొందరు నాగలి ఆపి, ఉన్నచోటే దండం పెట్టుకుని, మళ్లీ దున్నేవారని ఆయన జీవితచరిత్ర రాసిన ఐజాక్ వాల్టన్ చెప్పాడు. పల్లె గురువు ఎలా ఉండాలో ఇంగ్లండులో ఎవరు మాట్లాడినా ఆ నాగలి దగ్గరికి వస్తారు.

ఆ నాగలిని తెలుగు చేలోకి తెచ్చి చూస్తే లెక్క మారిపోతుంది. ఇక్కడ ప్రార్థనల పుస్తకాన్ని చేతికి తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది పాలేర్లు, కూలీలు. నాగలి వాళ్ల చేతిలో ఉంది గానీ ఎద్దులు వాళ్లవి కావు, పొద్దు కూడా వాళ్లది కాదు. మధ్యలో ఆపితే ఆసామి ఊరుకోడు.

చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ 1841లో బందరులో దిగారు. నోబుల్ 1843లో బడి పెట్టి పెద్దకులాల పిల్లలకు చదువు చెప్పాడు. ఆ బడి గొప్పదే, కానీ పల్లె సంఘం అందులోంచి పుట్టలేదు. అది కృష్ణా జిల్లా రాఘవాపురంలో పాగోలు వెంకయ్య ఇంటి నుంచి పుట్టింది. వెంకయ్య మాల కులస్థుడు. మిషనరీ మొహం చూడకముందే విగ్రహాలు విడిచి, పేరు తెలియని ఒకే దేవుణ్ణి, నువ్వెవరో నాకు కనిపించమని ఏళ్లతరబడి వేడుకున్నాడు. బెజవాడలో టి.వై. డార్లింగ్ అనే మిషనరీని కలిశాక, తాను వేడుకుంటున్నది ఎవరినో తెలిసిందనుకున్నాడు. 1859లో తన వాళ్లతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత ఊరూరా తిరిగి చెప్పినవాడూ ఆయనే. తెలుగు పల్లెలో ప్రార్థన పుస్తకంతో మొదలైందని రాసేవాళ్లు వెంకయ్యను మరిచిపోకూడదు. ప్రార్థన ముందే ఉంది, పుస్తకం తర్వాత వచ్చింది. అటు రాయలసీమలో ముత్యాలపాడు, నంద్యాల వైపు ఎస్పీజీ అనే ఇంకో ఆంగ్లికన్ సంస్థ ఇలాంటి పల్లెల్లోనే పనిచేసింది.

వీటన్నిటినీ తర్వాత ఒక గొడుగు కిందకు తెచ్చినవాడు తమిళుడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళైలో పుట్టాడు. తండ్రి పల్లె గురువు కాబట్టి పారిష్ బతుకు ఆయనకు ఉగ్గుపాలతో వచ్చింది. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఒక మిషన్ పెట్టుకోవడానికి ముందు నిలిచాడు. వాళ్లు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో వైఎంసీఏ ఉద్యోగం వదిలి ఆయనే అక్కడికి వచ్చాడు. మొదట్లో గుడారంలో కాపురం. పెద్దయ్యాక తెలుగు అక్షరాలు దిద్దాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రల్లో బిషప్పయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. మొదట చిన్నదిగా ఉన్న డోర్నకల్ అధ్యక్ష మండలం 1920 తర్వాత కృష్ణా, గుంటూరు, కర్నూలు వైపులకు విస్తరించింది. ఎద్దులబండి మీద, సైకిలు మీద ఆయన ఆ పల్లెలన్నీ తిరిగాడు.

రాత్రి గంట స్థిరపడింది ఈ పల్లెల్లోనే. పగలంతా కూలి, పొద్దుగూకాక ఇల్లు. మనిషికి మిగిలింది రాత్రి ఒక్కటే, కాబట్టి ప్రార్థన రాత్రికి వచ్చింది. గురువు ఒక్కడికి పది పదిహేను పల్లెలుండేవి. ఆయన నెలకోసారి వచ్చి ప్రభురాత్రి భోజనం ఇస్తే, మిగతా రోజులన్నీ ఉపదేశిగారివే. ఆయన పగలు పిల్లలకు పంతులు, రాత్రి పెద్దలకు ప్రార్థన నడిపేవాడు. బడి, గుడి ఒకే తాటాకు పాక. అదే లాంతరు కింద పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు ఒక్కో ముక్కా చెప్పి, అందరిచేతా అనిపించేవాడు.

అచ్చు ప్రార్థన ప్రాణం లేనిదని, మనసులోంచి వచ్చేదే ప్రార్థనని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. చదువు రాని మనిషికి రోజూ మారే ప్రసంగం కన్నా రోజూ మారని మాటలే అండ. గురువు ఒక వాక్యం అంటే సంఘం తన వాక్యం అందుకోవడం, బుర్రకథలో వంతపాట వినే జనానికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక్క ఏడాది తిరిగేసరికి అక్షరం రాని ముసలమ్మ కూడా ఆరాధనలో తన వంతు మాటలు తడబడకుండా చెప్పేది. ఊళ్లో గొంతెత్తితే తప్పైన మనుషులు ఇక్కడ అందరూ కలిసి గొంతెత్తారు. కీర్తనలకు రాగం, తాళం ఉండనే ఉన్నాయి. పుస్తకాల్లో వాటి పేర్లు పాట పైనే అచ్చువేసేవారు.

ప్రార్థన అయ్యాక ఎవరూ లేచిపోరు. అసలు సంగతులు అప్పుడు మొదలవుతాయి. ఎవరి మగడు తాగి కొట్టాడు, ఎవరికి కామందు వడ్డీ ఎక్కువ కట్టాడు, ఎవరి బిడ్డకు జ్వరం తగ్గలేదు అన్నీ చాపల మీదే తేలేవి. ఉపదేశిగారు అప్పుపత్రం చదివిపెట్టేవాడు, అర్జీ రాసిపెట్టేవాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు ఈ నాలుగూ సంఘానికి శత్రువులని అజరయ్య చెప్పి వాటి మీద పోరాటం నడిపాడు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ కాలేజీ చదువు చదివిన ఇల్లాలు. మదర్స్ యూనియన్‌లో పల్లె తల్లులతో కలిసి పనిచేసింది. బాప్తిస్మం పొందినవాళ్లతో తల మీద చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకుంటే నాకు శ్రమ అన్న పౌలు మాటను ప్రమాణంగా చెప్పించడం అజరయ్య పద్ధతి. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ సంఘం పనివాడే అన్నది ఆయన పట్టుదల.

ఇదంతా తేలిగ్గా జరగలేదు. ఆదివారం పనికి రామన్నందుకు ఆసాములు కూలి మాన్పించారు. జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు దెబ్బలు తిన్నవాళ్లున్నారు. లోపలా కష్టమే. మాలపల్లె, మాదిగపల్లె వేరు, బావి వేరు, కంచం వేరు. రెండు పల్లెలవాళ్లూ ప్రభురాత్రి భోజనంలో ఒకే గిన్నె పెదవికి ఆనించాలి. ఆంగ్లికన్ క్రమం ఇందులో వెసులుబాటు ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే మంచిదయింది. కానీ గిన్నె ఒకటైనంత మాత్రాన పెళ్లి సంబంధాలు ఒకటి కాలేదు. ఇప్పటికీ చాలాచోట్ల కాలేదు. ఆ మాట దాచి ఈ చరిత్ర రాయడం న్యాయం కాదు.

డబ్బు ఎక్కడిదంటే పొయ్యి దగ్గరిదే. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. ఇంట్లో గింజలు తక్కువైన రోజు కూడా పిడికెడు తీసినవాళ్ల బియ్యం అది. ఇవ్వడం గురించి అజరయ్య ఒక పుస్తకమే రాశాడు, దాని పేరు ‘క్రిస్టియన్ గివింగ్’. ఏడాదికోసారి కోత పండుగ. కొత్త వడ్ల కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, పొట్టేళ్లు బలిపీఠం ముందుకు వస్తాయి. ఆరాధన అయ్యాక చెట్టు కింద వేలం. ఒక కోడిగుడ్డు ఒకరు పాడుకుని మళ్లీ గుడికే ఇచ్చేస్తే, ఇంకొకరు పాడతారు. అలా ఒక్క గుడ్డు పదిసార్లు అమ్ముడుపోతుంది. పల్లె జనం అంత మనసారా నవ్వే మధ్యాహ్నం ఏడాదిలో ఇంకోటి ఉండదు.

డోర్నకల్ కథీడ్రల్ కూడా ఈ పల్లెల చేతిమీదుగానే లేచింది. చాలా ఏళ్లు పట్టి, 1939 జనవరి 6న ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠ అయింది. హిందూ గుళ్ల రాతి స్తంభాలు, మసీదుల గుమ్మటాలు ఒకచోట కలిసిన కట్టడం. స్తంభాల మీద తామర పువ్వు, ఉమ్మెత్త పువ్వు చెక్కారు. ఇంగ్లండు గోపురాన్ని నకలు చేయకపోవడం అజరయ్య తెలిసి చేసిన పని. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. దక్షిణ భారతంలో సంఘాలు ఏకం కావాలన్న మాట 1919లో తరంగంబాడి సమావేశంలో గట్టిగా ఎత్తింది ఆయనే. అది 1947 సెప్టెంబరు 27న నెరవేరి సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) పుట్టేనాటికి ఆయన లేడు. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది అప్పట్లో చేరలేదు, చాలా ఏళ్లకు గానీ కలవలేదు. 1950లో వచ్చిన కొత్త ఆరాధన క్రమంలో సమాధానం, అంటే శాంతి, చేతి నుంచి చేతికి అందించే పద్ధతి పెట్టారు. ముట్టుకోకూడదని దూరం పెట్టిన చేతుల్ని ఆరాధన మధ్యలో పట్టుకోమనడం తెలుగు పల్లెలో మామూలు సంగతి కాదు.

అదే 1950లో ఇంకో కాగితం వచ్చింది. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గానీ దళిత క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్లకు దక్కింది బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్. దానితో, పేరు ఎక్కితే ఎస్సీ హోదా పోతుందని రిజిస్టరు మీద భయం పట్టుకుంది. గుడికి వస్తారు, గంట కొడతారు, పిడికెడు బియ్యం తీస్తారు, కానీ పేరు ఎక్కించమంటే వెనకాడతారు. బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. తప్పు ఆ ఉత్తర్వులోనిదని నా నమ్మకం.

అయినా ఆ పాత రిజిస్టర్ల సంగతి వదలలేను. తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వృత్తి, బాప్తిస్మం ఇచ్చిన గురువు సంతకం. కరణం లెక్కల్లో భూమి ఉన్నవాడికే వరస ఉండేది. సెంటు భూమి లేని పాలేరు ఫలానా తండ్రికి కొడుకని, ఫలానా తల్లి కన్న బిడ్డని ఒక పుస్తకంలో వరసగా రాసింది చాలా పల్లెల్లో ఈ రిజిస్టర్లే. ఇవాళ హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న మనవలు ముత్తాత పేరు వెతికితే దొరికే చోటు చాలామందికి అదొక్కటే. అవి పాస్టరేట్ ఆఫీసుల ఇనుప బీరువాల్లో, వాన చెమ్మకు, చెదలకు దొరికి ఉన్నాయి. బయట పెట్టమని కాదు, పేర్లు ఎవరికైనా చూపమని కాదు. ఆ కుటుంబాల భయం తీరేదాకా తాళం వేసే ఉంచండి. కానీ ఫోన్‌తోనైనా ఒక్కో పేజీ ఫోటో తీసి అధ్యక్ష మండలం దగ్గర ఒక ప్రతి భద్రం చేయండి. సంఘానికి ఇద్దరు చదువుకున్న పిల్లలుంటే కొన్ని ఆదివారాల్లో అయ్యే పని.