శాక్సాఫోన్‌లో పలికిన నాదస్వరం

ఇప్పుడు పెండ్లిండ్లలో నాదస్వరంతో పాటు శాక్సాఫోన్ కూడా వినబడుతోంది. "పరదేశపు బాకా మంగళవాద్యం ఎట్లయింది?" అని పెద్దలు అడుగుతారు. దానికి జవాబు కద్రి గోపాల్‌నాథ్ గారి జీవితమే. ఈ కద్రి మన పక్కనుండే కదిరి కాదు, మంగళూరులోది.

ఆయన 1949లో దక్షిణ కన్నడ జిల్లా బంట్వాళ తాలూకాలో పుట్టినారు. తండ్రి తనియప్ప నాదస్వరం వాయించేవారు. కొడుకూ మొదట అదే నేర్చినారు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సాఫోన్ చూసినాక మనసు దాని మీదికి పోయింది.

చిక్కు ఎక్కడంటే, నాదస్వరం రంధ్రాలను వేలితో సగం మూసి, జార్చి గమకం పలికించవచ్చు. శాక్సాఫోన్ రంధ్రాలకు మూతలుంటాయి. తెరుచుకుంటాయి, లేదా మూసుకుంటాయి. అందుకే ఆయన గమకాన్ని పెదవుల బిగువుతో, ఊపిరితో పలికించినారు. అది పట్టుబడేదానికి ఇంచుమించు 20 ఏండ్లు పట్టింది. మద్రాసులో టి.వి. గోపాలకృష్ణన్ గారి దగ్గర విద్యకు మెరుగు పెట్టుకున్నారు.

1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో అమెరికా శాక్సాఫోన్ వాద్యకారుడు జాన్ హ్యాండీతో కలిసి వాయించినారు. 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ కచేరీ చేసినారు. అదే ఏడు 'డ్యూయెట్' సినిమాలో రెహమాన్ సంగీతానికి ఆయన శాక్సాఫోనే ప్రాణం. 2004లో పద్మశ్రీ వచ్చింది. 2019 అక్టోబరు 11న కన్నుమూసినారు.

నాదస్వరం ఉన్న ఇంట్లో పెరిగినందుకే ఆ ఇత్తడి గొట్టంలో రాగం పలికింది. మేళం ఇండ్ల పిల్లలు శాక్సాఫోన్ పడతామంటే వద్దనకండి. ముందు కొన్నేండ్లు నాదస్వరం మాత్రం నేర్పించండి.