గండిపేట పానీకి హరీమ్ ఎక్కడి వరకు?

మా దాదీమాకు తన పుట్టిన తారీఖు తెలియదు. అడిగితే "తుగ్యానీ అయిన పన్నెండేళ్ళకు పుట్టాను బేటా" అనేది. తుగ్యానీ అంటే 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన సైలాబ్. హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్ళలో ఆ తరం వాళ్ళు తమ వయసును ఆ ఒక్క రోజు నుంచే లెక్కబెట్టుకునేవారు. దాదీమా లెక్క ప్రకారం ఆమె పుట్టింది 1920లో. గండిపేట కట్ట పూర్తయిన సంవత్సరం కూడా అదే.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, మొన్న ఒక దావత్‌లో మా ఖాలూజాన్ నన్ను పక్కకు పిలిచి ఒక దరఖాస్తు రాసిపెట్టమన్నారు. మొయినాబాద్ వైపు ఆయనకు మూడెకరాలుంది. "గండిపేట నీళ్ళు ఇప్పుడు ఎవరు తాగుతున్నారు బేటా? కృష్ణా వచ్చింది, గోదావరి వచ్చింది. అయినా అది తాగునీటి తాలాబ్ అని చెప్పి మా భూమికి తాళం వేశారు. ఆ తాళం పూర్తిగా తీయమని రాయి" అన్నారు. సరేనన్నాను. రాయడానికి కూర్చుంటే కలం కదల్లేదు. ఎందుకు కదల్లేదో ఇక్కడ చెప్పుకుంటాను.

ముందు తుగ్యానీ సంగతి. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టే మూసీని మన పెద్దలు మూసా అనీ, లంగర్‌హౌజ్ దగ్గర దానిలో కలిసే ఈసీని ఈసా అనీ పిలుచుకున్నారు. ఇద్దరు పైగంబర్ల పేర్లు. ఆ రోజు ఈ నదులు అఫ్జల్‌గంజ్ దవాఖానాను కూల్చాయి, పురానాపుల్ తప్ప మిగతా వంతెనలను తెంచాయి. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. దవాఖానా ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది బతికారంటారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా హాస్పిటల్ ఆవరణలోనే ఉంది.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన నగరంలో గోడలు కట్టి ఊరుకోమని చెప్పలేదు. నగరానికి పైన ఏం జరిగిందో చూశారు. ఎగువన ఉన్న చిన్నా పెద్దా చెరువుల్లో రెండు వందలకు పైగా ఒకదాని వెనక ఒకటి తెగి, ఆ నీళ్ళన్నీ కలిసి నగరం మీద పడ్డాయని తేలింది. అందుకే మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టమన్నారు. వరదను ఆపడం ఒక పని, తాగడానికి నీళ్ళివ్వడం రెండో పని. 1911లో మహబూబ్ అలీ ఖాన్ ఇంతెఖాల్ అయ్యారు. పని ఆయన కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జమానాలో సాగింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ తయారయ్యాయి. ఉస్మాన్ సాగర్ నీళ్ళు మోటారు అవసరం లేకుండా, పల్లం వెంబడి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా నడిచొచ్చేవి. గండిపేట పానీ తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడు అనే మాట అలా పుట్టింది.

ఇక తాళం సంగతి. 1996 మార్చి 8న ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చింది. ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్యం చేసే కార్ఖానాలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు కూడదని దాని సారాంశం. 84 గ్రామాలు, దాదాపు లక్షా 32 వేల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. మరుసటి ఏడాదే శంషాబాద్ దగ్గర పెద్దషాపూర్‌లో ఆముదం నూనె నుంచి రసాయనాలు తీసే ఒక కంపెనీకి మినహాయింపు ఇస్తూ అదే ప్రభుత్వం హుకుం జారీ చేసింది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. ముఖద్దమా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2000 డిసెంబర్‌లో జస్టిస్ ఎం. జగన్నాథరావు ధర్మాసనం కంపెనీకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. లక్షల మంది తాగే నీటి విషయంలో ఒక్కరి కోసం మినహాయింపు చెల్లదని, ప్రమాదం లేదని రుజువు చేయాల్సిన బాధ్యత కార్ఖానా పెట్టేవాళ్ళదేనని చెప్పింది. మన దేశంలో పర్యావరణం మీద వాదించే వకీళ్ళు ఈ తీర్పును ఇప్పటికీ ముందు పెట్టుకుంటారు.

2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వం 69 నంబరు జీవోతో ఆ ఆంక్షలు తీసేసింది. చూపిన కారణం ఖాలూజాన్ చెప్పినదే. 1996లో నగరం తాగే నీళ్ళలో ఈ రెండింటి వాటా 27 శాతానికి పైగా ఉండేది, ఇప్పుడు అది 1.25 శాతం కూడా లేదు, కాబట్టి నగరం వీటి మీద ఆధారపడి లేదు అని.

లెక్క వరకు సరే. దాని నుంచి తీసిన ఫైసలా దగ్గరే నాకు పేచీ. ఈ తాలాబ్‌ల రెండో పని తాగునీరైతే, మొదటి పని వరదను ఆపడం. ఆ పనికి రిటైర్‌మెంట్ లేదు. 69 నంబరు జీవో వచ్చిన మూడు నెలలకే, 2022 జూలైలో, రెండింటి గేట్లూ ఎత్తాల్సి వచ్చింది, మూసారాంబాగ్ వంతెన మునిగింది. చుట్టూ ఉన్న నేల సిమెంటయితే వాన ఇంకడానికి చోటుండదు. ఇక కృష్ణా, గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి మోటార్లతో రావాలి. ఇంటి పక్క నీళ్ళను వదులుకుని దూరపు నీళ్ళ మీద ఆధారపడటం అఖల్‌మందీ అనిపించుకోదు.

తాగునీటి చెరువు అనే పేరు పోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. హజ్రత్ హుస్సేన్ షా వలీ 16వ శతాబ్దంలో కట్టించిన హుస్సేన్ సాగర్ నీళ్ళు 1930 ప్రాంతం దాకా జనం తాగారు. గండిపేట వచ్చాక ఆ అవసరం తీరింది. అవసరం తీరగానే అదబ్ కూడా పోయింది. కార్ఖానాల నాలాలు, మురుగు నాలాలు అందులోకి తిరిగాయి. ఇవాళ ఆ నీళ్ళతో వుజూ చేసుకోమంటే ఎవరు చేసుకుంటారు?

మన ఫిఖ్‌లో హరీమ్ అనే మాట ఉంది. బావి చుట్టూ కొంత నేలను ఎవరూ ముట్టకూడదు, ఇంకొకరు అక్కడ తవ్వకూడదు, పాడు చేయకూడదు. బావి ఎంత విలువైనదో దాని హరీమ్ కూడా అంతే. పది కిలోమీటర్ల హద్దు నాకు గండిపేట హరీమ్‌లా కనిపిస్తుంది.

కానీ ఖాలూజాన్ బాధ అబద్ధం కాదు. హద్దుకు అవతలి పొలాలు కోట్లకు పోయాయి. ఇవతల మూడెకరాలు అమ్మి బిడ్డ పెళ్ళి చేద్దామంటే బేరం లేదు. నగరం నీళ్ళు తాగింది, ధర మాత్రం 84 ఊళ్ళు కట్టాయి. ఇక్కడ నాకు మదీనాలోని రూమా బావి గుర్తొచ్చింది. ముసల్మానులకు తీపినీళ్ళ కోసం తంటాలు పడాల్సి వచ్చినప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ బావిని కొని వక్ఫ్ చేశారు. కొన్నారు, గుంజుకోలేదు. నీళ్ళు అందరివయ్యాయి, బావి యజమానికి తన ఖీమత్ ముట్టింది. ఉస్మాన్ సాగర్‌కు పేరిచ్చిన నవాబు పేరు కూడా ఆ హజ్రత్ పేరే. ఆ సున్నత్ నుంచి మనం పేరు తెచ్చుకున్నాం గానీ పద్ధతి తెచ్చుకోలేదు.

అందుకే దరఖాస్తు రాశాను. అందులో తాళం తీయమని లేదు. ఈ హద్దు లోపల సేద్యం చేస్తూ నీటిని కాపాడే రైతుకు నగరం ఏటా ఎకరానికి ఇంత అని చెల్లించాలని, ఆ పైసలు నగరం కట్టే నీటి బిల్లులోంచే రావాలని రాశాను. ఖాలూజాన్ రెండుసార్లు చదివించుకున్నారు. కాసేపు మాట్లాడలేదు.

"పానీ కా హఖ్ పానీ కో, మేరా హఖ్ మేరేకో. ఇత్నాచ్ హై నా?" అన్నారు.

అంతే అన్నాను. సంతకం ఇంకా పెట్టలేదు. జుమా తర్వాత ఊళ్ళో నలుగురితో మాట్లాడి చెబుతానన్నారు.