మెడనొప్పికి కొలబద్ద ఏదీ?

మెడ పట్టేసిందంటే "నిటారుగా కూర్చో" అనే సలహా మన ఐటీ జనాలకి కొత్తేం కాదు. నొప్పిని స్క్రీన్‌షాట్ తీసి చూపించలేం కదా! మరి కండరం ఎంత కష్టపడుతోందో మీటరు పెట్టి కొలవొచ్చుగా అంటారా? ఆ ప్రయత్నానికి పెద్ద చరిత్రే ఉందండీ.

కండరానికీ కరెంటుకీ లంకె ఉందని 1791లో ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీ కప్పకాళ్ళ ప్రయోగాలతో ప్రకటించాడు. మనిషి కండరం బిగిస్తే గాల్వనోమీటరు ముల్లు కదులుతుందని 1849లో చూపించింది జర్మనీకి చెందిన డ్యు బ్వా-రేమాన్. ఆయనకి చర్మం అడ్డొచ్చింది. బొబ్బ తెప్పించి ఆ పొర తీసేస్తే సిగ్నల్ బాగా పెరిగింది! అంటే కొలిచేది కండరాన్నా, చర్మాన్నా అన్న గొడవ మొదట్నుంచీ ఉన్నదే.

ఈ కొలత పేరే ఎలక్ట్రోమయోగ్రఫీ, పొట్టిగా ఈఎంజీ. ఆఫీసు ఉద్యోగుల్లో ఎక్కువగా కొలిచేది మెడకీ భుజానికీ మధ్య ఉండే ట్రపీజియస్ కండరాన్ని. ఎలక్ట్రోడ్ కాస్త జరిగినా అంకె మారిపోతుంది. అందుకే 1996-99 మధ్య యూరప్‌లో సెనియామ్ అనే ప్రాజెక్టు రూల్సు రాసింది: మెడ కింద పొడుచుకొచ్చే ఏడో పూస నుంచి భుజం కొనదాకా గీత గీసి సరిగ్గా మధ్యలో, 20 మి.మీ. ఎడంతో అంటించాలి. తమాషా ఏంటంటే, ఆ మధ్యబిందువు దగ్గరే సిగ్నల్ పడిపోతుందని, కాస్త భుజం వైపు జరపమని 1993లోనే నార్వే పరిశోధకులు చెప్పారు!

చోటు కుదిరినా అసలు చిక్కు వేరే ఉంది. మైక్రోవోల్టుల్లో నాకూ మీకూ పోలిక కుదరదు. కాబట్టి ముందు శక్తికొద్దీ బిగించమని, దాన్ని వంద శాతం అనుకుని, టైపింగ్‌లో ఎంత శాతమో లెక్కేస్తారు. కానీ నొప్పి ఉన్నవాడు శక్తికొద్దీ ఎలా బిగిస్తాడు? బేస్‌లైనే తప్పైతే బెంచ్‌మార్క్ ఏం నిలుస్తుంది? కింద హారం తగ్గి, అదే పనికి శాతం ఎక్కువ కనిపిస్తుంది. అందుకే చాలామంది చేతులు చాచి కాసేపు నిలబెట్టడంలాంటి తేలికపాటి పనిని కొలమానంగా తీసుకుంటారు.

పోనీ, అంకె తక్కువొస్తే నొప్పి లేనట్టా? కాదు. 1991లో స్వీడన్‌కి చెందిన హెగ్ 'సిండ్రెల్లా' ఊహ ప్రతిపాదించాడు: కొన్ని చిన్న కండర తంతువులు అందరికంటే ముందు పనిలోకి దిగి అందరి తర్వాత విశ్రాంతి తీసుకుంటాయని. అది నిజమైతే, మొత్తం కండరం చల్లగా కనిపిస్తున్నా లోపల కొందరు ఓవర్‌టైం చేస్తున్నట్టే.

కాబట్టి ఎవరైనా గ్రాఫు చూపించి "నీకేం లేదు" అంటే, దేంతో పోల్చి చెప్తున్నారో ముందు అడగండి. అదీ సంగతి.