ఇంటిలో గాలి ప్రయాణం: చారిత్రక పరిశీలన

గది వెచ్చగా ఉండాలంటే తలుపులు, కిటికీలు మూసుకోవాలి. మనిషి ఆరోగ్యంగా ఉండాలంటే వాటిని తెరవాలి. చలి దేశాల గృహనిర్మాణ చరిత్రను ఈ రెండు అవసరాల మధ్య ఘర్షణగా మీరు అర్థం చేసుకోవచ్చు.

ప్రాచీన రోమన్లు స్నానశాలల్లో, సంపన్నుల ఇళ్లలో హైపోకాస్ట్ అనే ఏర్పాటు చేసుకొన్నారు. నేలను పొట్టి స్తంభాలపై నిలిపి, పక్కనున్న కొలిమి నుంచి వేడి గాలిని, పొగను దాని కిందికి పంపేవారు. అవి గోడలలోని బోలు పెంకుల గుండా పైకి పోయేవి. దీనికి కట్టెలు, శ్రమ విపరీతంగా కావలసి వచ్చేవి. 19వ శతాబ్దంలో ఉత్తర అమెరికా ఇళ్లలో నేలమాళిగలోని కొలిమి నుంచి వేడి గాలి గొట్టాల ద్వారా గదులకు చేరింది. తరువాత విద్యుత్ ఫ్యాన్లు వచ్చాయి. 1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం గాలిలోని తేమను అదుపుచేసే యంత్రాన్ని రూపొందించాడు. కాలక్రమంలో చల్లని గాలి కూడా ఇళ్లలోని గొట్టాల గుండా ప్రవహించింది. ఇంధనం చౌకగా ఉన్నంతకాలం వృథాను పెద్దగా పట్టించుకోలేదు.

1973 చమురు సంక్షోభం ఈ ధోరణిని మార్చింది. 1977లో కెనడాలోని రెజీనాలో సస్కాచెవాన్ కన్సర్వేషన్ హౌస్ నిర్మించారు. మందమైన గోడలు, గాలి చొరబడని నిర్మాణం దాని ప్రత్యేకతలు. మరి తాజా గాలి ఎలా? బయటకు పోయే గాలి, లోపలికి వచ్చే గాలి పలుచని పొరలకు ఇరువైపులా ప్రవహించే ఉష్ణ వినిమాయకాన్ని అమర్చారు. గాలులు కలవవు, వేడి మాత్రం చేతులు మారుతుంది.

1988లో వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్, బో ఆడమ్సన్ చర్చల నుంచి పాసివ్ హౌస్ భావన రూపుదిద్దుకొంది. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో నాలుగు వరుస ఇళ్లు పూర్తయ్యాయి. ఈ పద్ధతిలో తాజా గాలి ముందుగా పడకగదులకు, హాలుకు వస్తుంది. తలుపుల కింది సందుల గుండా నడవలోకి, అక్కడి నుంచి వంటగదికి, స్నానాల గదికి చేరి బయటకు పోతుంది. తలుపు కింద సందు లేకపోతే ఈ ప్రయాణం ఆగిపోతుంది.

ఆ తాజా గాలితోనే వేడిని కూడా పంపగలమా? లెక్క చూడండి. ఒక్కో మనిషికి గంటకు 30 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు 0.33 వాట్-గంటలు పడుతుంది. 20 డిగ్రీల గాలిని 50 డిగ్రీలకు వేడిచేస్తే, 30 × 0.33 × 30, అంటే సుమారు 300 వాట్లు. మనిషికి 30 చదరపు మీటర్ల ఇల్లనుకొంటే చదరపు మీటరుకు 10 వాట్లు. ఇల్లు అంతకన్నా ఎక్కువ వేడిని పోగొట్టుకొంటే ఈ గాలి చాలదు.

ఇప్పుడు మన ఎండాకాలాన్ని ఊహించండి. గది 26 డిగ్రీల వద్ద ఉండాలని 16 డిగ్రీల గాలిని పంపితే తేడా 10 డిగ్రీలే. అదే గాలి సుమారు 100 వాట్ల వేడిని మాత్రమే తొలగిస్తుంది. అందుకే ఎండను గోడ బయటే ఆపడం మనకు మొదటి మెట్టు. వెడల్పైన వసారా, మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా ఉన్న లోగిళ్లు నీడకు, గాలికి కలిపి చోటిచ్చాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఇంట్లో గాలి ఏ గది నుంచి ఏ గదికి పోతున్నది? ఏ తలుపు మూస్తే అది ఆగుతున్నది? పటం గీసి వివరించండి.