రంగం నుంచి వచ్చిన అతిథులు

మా ఊరు వెంకటమ్మనహళ్లి. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఉన్నది. పటం తీసి చూస్తే మా తాలూకా కర్ణాటకదే గాని, దాదాపు మూడు వైపులా ఆంధ్రదేశమే చుట్టుకొని ఉంటుంది. కచేరీలో కన్నడం, ఇంటిలో తెలుగు. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు గీతకు ఇవతల ఉండిపోయిన తెలుగువాళ్ళం మేము. అందుచేత 'మనవాడు', 'పరాయివాడు' అనే మాటలను మేము కొంచెం ఆలోచించి వాడుతాం.

ఇంటికి వచ్చిన మనిషిని మా పెద్దలు మూడు విధాల ఆదరించేవారు. వాకిట నిలిచినవాడు పగవాడైనా సరే, దాహానికి నీళ్ళు ఇవ్వవలసిందే. మాట్లాడవలసిన పని ఉంటే అరుగు మీద చాప పరిచి కూర్చోబెట్టేవారు. ఇక మెడలో దండ వేయడమంటే మన ఇంటి గౌరవాన్ని అతనితో పంచుకోవడమే. నీళ్ళకు విచారణ లేదు. చాపకు పని ఉండాలి. దండకు మాత్రం యోగ్యత ఉండాలి. ఈ మూడూ ఒకటి కాదని పల్లెలో పిల్లవాడికి కూడా తెలుసు. రాజ్యాలే తరచు మరచిపోతూ ఉంటాయి.

ప్రజాస్వామ్యమని చెప్పుకునే దేశం, తన ప్రజలను తుపాకితో ఏలే పరదేశపు పాలకుణ్ణి అధికార అతిథిగా పిలవవచ్చునా? ఈ ప్రశ్న పండితులకో, రాయబారులకో సంబంధించినదని చాలమంది అనుకుంటారు. కాదు. ఊరు విడిచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన మనబోటి కుటుంబాలకే ఇది ఎక్కువ సంబంధించినది. మన పూర్వులు రంగంలో పడిన పాట్లు తలచుకుంటే సంగతి తెలుస్తుంది.

రంగమంటే రంగూను. కోస్తా తెలుగువారు దానిని అట్లాగే పిలిచేవారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి ఓడలెక్కి వేలకు వేలు కూలి కోసం బర్మా వెళ్ళారు. కోరంగి రేవు పేరు మీద అక్కడి జనం మనవాళ్ళను కొరంగీలన్నారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకొని వెళ్ళినవాడు ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ సొత్తే. రేవులో బస్తాలు మోసినవారు, బియ్యపు మిల్లులలో పని చేసినవారు, రిక్షాలు లాగినవారు వీరే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను పట్నంలో సగానికి పైగా భారతీయులే.

ఆ లెక్కకు ఏడాది ముందే, 1930 మే నెలలో, రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టాయి. సమ్మె ముగిసి మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చిన రోజున కొట్లాట పుట్టి ఊరంతా పాకింది. సర్కారు లెక్కలోనే వందకు పైగా ప్రాణాలు పోయాయి. చచ్చినవారిలో ఎక్కువమంది తెలుగువారు. తరువాత 1942లో జపాను సేన వచ్చినప్పుడు లక్షల మంది అరకాను దారినో, మణిపురం కొండల మీదుగానో నడిచి వచ్చారు. దారిలో రాలిపోయినవారు వేలకు వేలు. అయినా యుద్ధం ముగిసిన తరువాత మళ్ళీ కొందరు వెళ్ళారు. పుట్టిన పిల్లలున్నారు, కట్టుకున్న ఇళ్ళున్నాయి, ఎక్కడికి పోతారు?

1962 మార్చి 2న జనరల్ నే విన్ సైన్యంతో రాజ్యాన్ని చేజిక్కించుకున్నాడు. ఆ జులైలోనే రంగూను విశ్వవిద్యాలయంలో విద్యార్థులను కాల్చారు, మరునాడు విద్యార్థి సంఘ భవనాన్ని పేల్చివేశారు. 1963లో బ్యాంకులను, 1964 మార్చిలో దుకాణాలను జాతీయం చేశారు. ఆ మే నెలలో ఏభై, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నారు. చిన్న చిల్లర కొట్టు పెట్టుకున్నవాడు కూడా ఒక్క పూటలో బికారి అయినాడు. పద్దు పుస్తకాలు పోయినాయి, తాళంచెవులు పోయినాయి. ఓడ ఎక్కేచోట ఆడవాళ్ళ ఒంటి మీది బంగారం దగ్గర కూడా తనిఖీ ఆగలేదు. అటుపిమ్మట కొన్నేళ్ళలో సుమారు రెండు లక్షల మంది భారతదేశానికి తిరిగి వచ్చారు. ఎక్కువమంది మద్రాసు రేవులో దిగారు, తక్కినవారిలో చాలమంది విశాఖలో. నేటికీ విశాఖపట్నం కంచరపాలెం ప్రాంతంలో బర్మా క్యాంపు అనే పేరు నిలిచి ఉన్నది.

ఈ ఓడలు ఇంకా వస్తూ ఉండగానే, 1965 ఫిబ్రవరిలో నే విన్ మన దేశానికి అధికార అతిథిగా వచ్చాడు. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానమంత్రి, సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి. తన గుడారంలో కట్టుబట్టలతో కూర్చున్న కుటుంబానికి ఆ వార్త ఎట్లా వినిపించి ఉంటుందో ఊహించండి. తన కొట్టుకు తాళం వేసినవాడికి ఢిల్లీలో స్వాగతం!

అయితే ఇక్కడ న్యాయంగా ఆలోచించవలసిన మాట ఒకటున్నది. అప్పటికింకా లక్షలాది భారతీయులు నే విన్ చేతి కింద ఉన్నారు. ఓడలకు అనుమతి ఇవ్వవలసినవాడు అతడే, ఆస్తులకు పరిహారం చెల్లించవలసినవాడూ అతడే. జాతీయకరణ అందరికీ సమానంగా వర్తించింది గనుక దానిని మనం కాదనలేమనీ, పరిహారం మాత్రం ఇవ్వాలనీ భారత ప్రభుత్వం వాదించింది. 1964 సెప్టెంబరులో విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్ రంగూను వెళ్ళి మాట్లాడారు. 1965 డిసెంబరులో శాస్త్రిగారే వెళ్ళారు. నే విన్‌తో మాట్లాడకపోతే ఆ ఓడలు అంతమాత్రమైనా కదిలేవా? కాబట్టి చాప పరచడం తప్పు కాదు. కాని పరిహారం చాలమందికి ఆశగానే మిగిలిపోయింది. ఇక్కడికి వచ్చిన తరువాత వారిని నిలబెట్టడానికి మన ప్రభుత్వాలే పూనుకోవలసి వచ్చింది. బర్మా, సింహళాల నుంచి తిరిగి వచ్చినవారి కోసం 1969లో రెప్కో బ్యాంకు మద్రాసులో వెలసింది అందుకే.

మాటామంతీ నిలుపుకుంటే ఏమి సాధించవచ్చునో, ఏమి సాధించలేమో చెప్పే ఉదాహరణ మరొకటి ఐరోపాలో ఉన్నది. 1955 నవంబరులో రష్యా నాయకులు బుల్గానిన్, క్రుశ్చేవ్ మన దేశం వచ్చారు. బెంగళూరుకు కూడా వచ్చారు, జనం బారులు తీరి చూశారు. మరుసటి ఏడు అదే నవంబరులో వారి ట్యాంకులు హంగరీ ప్రజల తిరుగుబాటును అణచివేశాయి. హంగరీలో స్వేచ్ఛగా ఎన్నికలు జరపాలన్న ఐక్యరాజ్యసమితి తీర్మానానికి భారతదేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. జయప్రకాశ్ నారాయణ్ వంటివారు నెహ్రూగారిని బహిరంగంగానే తప్పుపట్టారు. అయినా ఆ స్నేహం పూర్తిగా వృథా కాలేదు. తిరుగుబాటులో పాల్గొన్న రచయిత ఆర్పాడ్ గోంట్స్‌కు 1958లో ఉరికి బదులు యావజ్జీవ శిక్ష పడింది. భారత ప్రభుత్వం కల్పించుకొన్నందువల్లనే ప్రాణం దక్కిందని చెబుతారు. ఆయన 1990లో హంగరీ అధ్యక్షుడైనాడు. అదే 1958లో మాజీ ప్రధాని ఇమ్రే నాజ్‌ను మాత్రం ఉరి తీశారు. చాప మీది మాట ఒక ప్రాణాన్ని కాపాడగలిగింది, ఇంకొక ప్రాణాన్ని కాపాడలేకపోయింది.

తిరిగి బర్మాకు వద్దాం. 1988లో అక్కడి విద్యార్థులు, భిక్షువులు వీధులలోకి వచ్చినప్పుడు భారతదేశం వారి పక్షాన నిలిచింది. పారిపోయి వచ్చినవారికి చోటిచ్చింది. ఆకాశవాణి బర్మా భాషలో వారి గొంతు వినిపించింది. 1990 ఎన్నికలలో ఆంగ్ సాన్ సూకీ పార్టీ పెద్ద మెజారిటీతో గెలిచినా సైన్యం అధికారం ఇవ్వలేదు. ఆమెకు 1993 సంవత్సరపు నెహ్రూ బహుమానం ప్రకటించారు. కాని 1994 జనవరిలో ఆ సైనిక ప్రభుత్వంతోనే సరిహద్దు వర్తకపు ఒప్పందం కుదిరింది. ఎందుకు? 1,600 కిలోమీటర్లకు పైబడిన సరిహద్దు, ఈశాన్యంలో తిరుగుబాటుదారులు, పక్కన చైనా. ఇవి తేలికగా తీసివేయవలసిన కారణాలు కావు.

మనసు కష్టపడేది దాని తరువాతి ఘట్టాల దగ్గర. సైనిక ప్రభుత్వాధినేత థాన్ ష్వే 2004 అక్టోబరులోను, 2010 జులైలోను అధికార అతిథిగా వచ్చాడు. రెండుసార్లూ సూకీ గృహనిర్బంధంలో ఉన్నది. 2010 నాటికి అక్కడి చెరసాలలలో రాజకీయ ఖైదీలు రెండు వేలకు పైమాట. అతనికి రాష్ట్రపతి భవనంలో సైనిక వందనం, రాజఘాట్‌లో గాంధీజీ సమాధి మీద పూలదండ. తరువాత హైదరాబాదు కూడా వచ్చాడు. రంగం నుంచి తరిమివేయబడిన కుటుంబాల మనుమలున్న రాష్ట్రంలో, ఆ తరిమివేసిన సైన్యానికి వారసుడు అతిథి! ఒప్పందాల మీద సంతకాలు చేయడం చాప పని. రాజఘాట్ పూలు మాత్రం దండ. పని కోసం పిలిచినవాడికి గాంధీగారి పేరును కూడా అరువిచ్చాం.

ఇంగ్లండు కూడా ఇటువంటి పొరపాటే చేసింది. 1978లో రుమేనియా నియంత చౌషెస్కూను బకింగ్‌హాం ప్యాలెస్‌లో ఉంచి బిరుదు ఇచ్చారు. 1989 డిసెంబరులో, ప్రజలే అతని మీద తిరగబడిన తరువాత, కాల్చి చంపబడడానికి ఒకరోజు ముందు దానిని వెనక్కి తీసుకున్నారు. దండ వేయడం ఒక నిమిషం పని. తీయడానికి పదకొండేళ్ళు పట్టింది.

2012 నవంబరులో సూకీ మన దేశం వచ్చింది. తమ కష్టకాలంలో భారతదేశం దూరమైనందుకు బాధ కలిగిందని ఢిల్లీ సభలోనే చెప్పింది. తరువాత మా తాలూకాకు ఆనుకొని ఉన్న అనంతపురం జిల్లాలో పాపసానిపల్లె అనే చిన్న ఊరికి వచ్చి, పల్లెటూరి ఆడవాళ్ళతో కూర్చొని మాట్లాడింది. నిర్బంధాలనుంచి బయటపడిన మనిషి మా సరిహద్దు మట్టి మీద నడిచిందని మా వైపు వాళ్ళం సంతోషించాం. కాని చరిత్ర మన సంతోషం కోసం ఆగదు. 2017లో బర్మా సైన్యం రోహింగ్యాలను లక్షల సంఖ్యలో తరిమినప్పుడు, 2019లో హేగ్ న్యాయస్థానంలో ఆ దేశం పక్షాన నిలిచి వాదించినది ఆమే. నేడు యోగ్యుడన్నవాడు రేపు కూడా యోగ్యుడే అని ఎవరు చెప్పగలరు? దండ వేసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగవలసినది ఇందుకే.

మరొక్క సంగతి. మన నౌకాదళపు జలాంతర్గామి సింధువీర్‌ను విశాఖలోని హిందుస్తాన్ షిప్‌యార్డులో బాగుచేసి 2020లో బర్మా నౌకాదళానికి అప్పగించారు. 2021 ఫిబ్రవరి 1న ఆ సైన్యం మళ్ళీ అధికారాన్ని లాక్కొని సూకీని చెరలో వేసింది. ఆ మార్చి 27న, సైనిక దినోత్సవం నాడు, ఒక్క రోజున వందమందికి పైగా పౌరులను చంపింది. ఆనాటి కవాతుకు ప్రతినిధులను పంపిన కొద్ది దేశాలలో మన దేశం కూడా ఉన్నది. కట్టుబట్టలతో కాందిశీకులు దిగిన రేవు ఏదో, జలాంతర్గామి బయలుదేరిన రేవు అదే.

నియంతలను వాకిట నిలబెట్టి తలుపు వేద్దామని నేను అనను. మన ఇల్లు మాత్రం పరిశుద్ధంగా ఉండేనా? 1975 నుంచి 1977 దాకా మన పత్రికలకు సెన్సారు, మన నాయకులకు చెరసాల. ఆనాడు పరదేశాలలోని భారతీయులు మన ప్రభుత్వం మీద ఇదే ప్రశ్న వేశారు. తలుపు వేస్తే లోపల చిక్కుకున్నవారి గోడు వినేవాడు ఉండడు. వలస వెళ్ళిన మనుషులకు ఆ తలుపు సందే ఊపిరి.

అయితే తలుపు తీసేవాడు మూడు మాటలు మరువరాదు. ఒకటి, అతని చేత బాధపడినవారి పేర్లు, వారి ఆస్తుల లెక్క సంతకాలకు ముందే బల్ల మీద ఉండాలి. రెండు, అతిథి ఉన్న రోజులలో అతనికి వ్యతిరేకంగా వీధిలో నిలబడే హక్కు మన ఊళ్ళో ఎవరికైనా ఉండాలి. బయటివాడి మర్యాద కోసం ఇంటివాడి నోరు మూస్తే ప్రజాస్వామ్యం మన దగ్గర కూడా లేనట్లే. మూడు, పనికి చాప చాలు. రాజఘాట్ పూలు, బిరుదులు, ఆయుధాలు చాప మీద పెట్టేవి కావు.

ఉగాది పచ్చడిలో వేపపువ్వును తీసివేసి తినడం మన ఆచారం కాదు. మన వలసల చరిత్రలోని చేదు కూడా పిల్లలకు తెలియనివ్వండి. మీ ఇంటిలో రంగం నుంచి వచ్చిన ముసలివారి జ్ఞాపకాలు, ఓడ టిక్కెట్టో, పాత పద్దు పుస్తకమో ఉంటే దాచండి, పిల్లలచేత చదివించండి. ఎవరిని పిలిచారని మాత్రమే కాక, పిలిచి ఏమి అడిగారని రేపు ఆ పిల్లలు ప్రభుత్వాలను నిలదీయగలగాలి.