గోలీకి విద్య ఉన్నదా?



1942 జనవరిలో న్యూయార్క్ నగరంలో పిన్‌బాల్ యంత్రాలు నిషేధానికి గురైనాయి. జప్తు చేసిన యంత్రాలను మేయరు లాగార్డియా స్వయంగా సమ్మెట పట్టి పగులగొట్టి, ఫొటోలు కూడా తీయించుకున్నాడు. ఇది ఆట కాదు, పిల్లల చిల్లర కాజేసే జూదమని ఆయన అభియోగం.

ఆయన మాటను నేను పూర్తిగా తోసిపుచ్చలేను. ఏటవాలు పలక, దానిపై అద్దం, లోపల ఉక్కుగోలీ, ఆ గోలీని పైకి తన్నే స్ప్రింగు కడ్డీ: ఆనాటి యంత్రమంటే ఇంతే. గోలీని వదలడం, బల్లను కాస్త కుదపడం మాత్రమే ఆటగాని వంతు. తక్కినదంతా మేకుల దయ. జారివచ్చే గోలీని తిరిగి పైకి కొట్టే రెక్కలు, అంటే ఫ్లిప్పర్లు, 1947లో గాట్లీబ్ సంస్థవారి ‘హంప్టీ డంప్టీ’తో గాని రాలేదు. అప్పుడు కదా చేతికి పని దొరికింది! అయినా చట్టం కదలలేదు. 1976లో రోజర్ షార్ప్ అనే యువకుడు నగర పాలకుల ఎదుట యంత్రం ముందు నిలబడి, గోలీ ఏ దారిన పోతుందో ముందే చెప్పి, అదే దారిన పంపి చూపాడు. నిషేధం తొలగింది. నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు నలునికి ఉపదేశించిన అక్షహృదయం నాకు చప్పున గుర్తుకు వచ్చింది. పాచికలకే ఒక విద్య ఉన్నప్పుడు గోలీకి ఉండదా?

ఇంతకూ నన్ను ఈ చరిత్రలోకి లాగినది 1992లో బాలీ పేరుతో వచ్చిన ‘ద ఆడమ్స్ ఫ్యామిలీ’ యంత్రం. అంతకు ముందు సంవత్సరం విడుదలైన చలనచిత్రం దీనికి ఆధారం. ప్రధాన పాత్రధారులు రౌల్ జూలియా, ఆంజెలికా హ్యూస్టన్ దీనికోసం ప్రత్యేకంగా గొంతులిచ్చారు. రూపకర్తలు పాట్ లాలర్, లారీ డిమార్. 20,270 యంత్రాలు అమ్ముడైనాయి. ఆధునిక పిన్‌బాల్ యంత్రాలలో ఇంత అమ్మకం మరొకదానికి లేదు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి పాతది ఒకటి కొని ఇంటి నేలమాళిగలో పెట్టుకున్నాడు. చూడవచ్చినవారందరూ మొదట అడిగేది ఆ చేతిని గురించే. ఒక పెట్టె తెరుచుకుని, మొండి చేయి ఒకటి పైకి లేచి, గోలీని పట్టుకుని లోపలికి పోతుంది. పిల్లలు కేరింతలు కొడతారు. నాకు మాత్రం ఆశ్చర్యం కలిగించినవి వేరే రెండు.

మొదటిది, పలక కింద దాగిన విద్యుదయస్కాంతాలు. ఆట మంచి పట్టులో ఉండగా అవి మేలుకుని గోలీని గిరగిర తిప్పి, ఎటో విసిరేస్తాయి. మూడు దశాబ్దాలకు పైగా నిషేధాన్ని భరించి, “మాది అదృష్టం కాదు, పాటవం” అని నిరూపించుకున్న ఆట, తన అత్యంత జనప్రియమైన యంత్రంలో అదృష్టాన్ని మళ్ళీ పలక కిందికి చేర్చింది! ఇది అన్యాయమని నేనంటే, అది లేకపోతే రుచే లేదని మావాడు వాదిస్తాడు. నేనింకా ఒప్పుకోలేదు.

రెండవది ఇంకా విచిత్రం. కొన్ని సందర్భాలలో పైనున్న చిన్న ఫ్లిప్పరును యంత్రమే కొడుతుంది. గురి తప్పితే, ఆ తప్పును లెక్కలోకి తీసుకుని మరుసటిసారి కొట్టే క్షణాన్ని సవరించుకుంటుంది. అంటే, అక్షహృదయాన్ని యంత్రమే అభ్యసిస్తున్నదన్నమాట.

దీన్ని కొనదలచినవారు మొదట వెనుకపెట్టె తెరిపించి చూడాలని మావాడి సలహా. యంత్రం జ్ఞాపకాలను నిలిపేవి అక్కడి మూడు చిన్న బ్యాటరీలు. వాటిని ఏళ్ళ తరబడి మార్చకుండా వదిలేస్తే ద్రవం కారి, కింది సర్క్యూట్ బోర్డును తినేస్తుంది. బ్యాటరీలు అయిపోతే, ఎవరెవరో కష్టపడి సాధించిన పాత స్కోర్లన్నీ చెరిగిపోతాయి.